చదరంగం గళ్ళ ధాన్యం లెక్క: ఎక్సెల్ ఒకటి అంటోంది, మాస్టారు ఇంకోటి అంటున్నారు

తణుకు_చిన్నోడు
డిసెంబరు 22 గణిత దినోత్సవానికి మా అబ్బాయి బడిలో చదరంగం బల్ల మీద ధాన్యం లెక్క పెడుతున్నారు. మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు, అలా రెట్టింపు చేసుకుంటూ 64 గళ్ళూ. చదరంగం కనిపెట్టినాయన రాజుగారిని బహుమానంగా ఇదే అడిగాడని పాత కథ. మొత్తం ఎన్ని గింజలో ఫ్లెక్సీ మీద పెద్దగా వేయాలట. ఆ ఫ్లెక్సీ పని నా నెత్తిన పడింది.

ఎక్సెల్‌లో కొడితే 18446744073709600000 వచ్చింది. మా బావమరిది బ్రౌజర్‌లో ఏదో కోడ్ కొట్టి 18446744073709552000 అంటున్నాడు. లెక్కల మాస్టారు పంపిన చీటీలో 18446744073709551615 అని ఉంది. మూడూ ఇరవై అంకెలే, మొదటి పద్నాలుగూ ఒకటే, తోకల దగ్గరే గొడవ. ఏది వేయించమంటారు? రేపు పొద్దున్నకల్లా ప్రింటింగుకి ఇవ్వాలి.

కాజా_ప్రియ
మాస్టారి చీటీలో ఉన్నదే వేసేయండి. ఫ్లెక్సీ ముందు నిలబడి గింజలు లెక్కపెట్టేవాడెవడు?

తణుకు_చిన్నోడు
అదేనండీ టెన్షన్. హెడ్మాస్టరుగారే లెక్కల మనిషి. ఆయన నిలబడతారు.

సందేహం_శీను
కంప్యూటర్ని కాదని చీటీని నమ్మడమేంటండి? మాస్టారు ఎక్కడో ఓ అంకె జారవిడిచి ఉంటారు.

లంకల_లెక్కలు
శీనుగారూ, ఇందులో నమ్మకంతో పనిలేదు. చివరి అంకె చూస్తే చాలు. 2, 4, 8, 16, 32, 64... చివరి అంకెలు 2, 4, 8, 6 అని నాలుగేసి చొప్పున తిరుగుతుంటాయి. 64ని నాలుగు నిశ్శేషంగా భాగిస్తుంది కాబట్టి 2^64 (64 రెండ్లని హెచ్చిస్తే వచ్చేది) చివర 6 ఉండాలి. గింజల మొత్తం దానికంటే ఒకటి తక్కువ. అంటే చివర 5. సున్నాతో ముగిసే జవాబులు రెండూ అక్కడే పోయాయి.

ఒకటి తక్కువ ఎందుకంటారా? ఏ గడి తీసుకున్నా, దాని ముందున్న గళ్ళన్నీ కలిపినా ఆ గడి కంటే ఒక గింజ తక్కువే. 1+2+4 ఏడు, తర్వాతి గడి ఎనిమిది. అరవై ఐదో గడి ఉంటే అందులో 2^64 ఉండేవి. అది లేదు కనక ఒకటి తక్కువ.

బిట్ల_బాబు
మాస్టారు చెప్పింది కరెక్ట్. ఎక్సెల్ ఎందుకు అలా చూపిస్తుందో నేను చెప్తా. ఎక్సెల్ పదిహేను అంకెల వరకే పట్టించుకుంటుంది. పదహారో అంకె నుంచి సున్నాలు పెట్టేస్తుంది. బ్రౌజర్‌దీ అదే జాతి రోగం, కాకపోతే కొంచెం నయం. లోపల సంఖ్యని 53 బిట్లలో, అంటే 53 సున్నా-ఒకట్లలో దాచుకుంటుంది. 9007199254740992 దాటిన తర్వాత ప్రతి పూర్ణసంఖ్యకీ అందులో చోటు లేదు. 2^64 దగ్గరికొచ్చేసరికి ఇటువైపు 2048కి ఒకటి, అటువైపు 4096కి ఒకటి చొప్పున మాత్రమే దానికి తెలుసు. దాని దృష్టిలో 2^64 నుంచి ఒకటి తీసేసినా 2^64 అలాగే ఉంటుంది.

సందేహం_శీను
మరి మా సొసైటీ లెక్కలన్నీ ఎక్సెల్‌లోనే ఉన్నాయే!

బిట్ల_బాబు
మీ సొసైటీలో పదహారంకెల బ్యాలెన్సు ఉంటే నన్ను కూడా చేర్చుకోండి.

పద్యాల_పిచ్చి
ఇంతమంది గోదారి వాళ్ళు ఉండి ఒక్కరూ పావులూరి మల్లన పేరు ఎత్తలేదే! మీ ఫ్లెక్సీకి కావలసిన జవాబు మన తెలుగు పద్యంలో వందల ఏళ్ళుగా ఉంది. మహావీరాచార్యులు 9వ శతాబ్దంలో సంస్కృతంలో రాసిన గణితాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చినాయన ఈ మల్లన. రాజమహేంద్రవరం ఏలిన రాజరాజ నరేంద్రుడు పిఠాపురం దగ్గర నవఖండవాడ అనే ఊరు ఇచ్చింది ఈయనకా, ఈయన తాతకా అని పండితులు ఇప్పటికీ కొట్టుకుంటారు. ఆ సంగతి వదిలేయండి. చంపకమాల చూడండి:

శర శశి షట్క చంద్ర శర సాయక రంధ్ర వియన్నగాగ్ని భూ
ధర గగనాబ్ధి వేద గిరి తర్క పయోనిధి పద్మజాస్య కుం
జర తుహినాంశు సంఖ్యకు...

శర అంటే మన్మథుడి బాణాలు, 5. శశి 1. షట్క 6. చంద్ర 1. శర 5. సాయక మళ్ళీ బాణాలే, 5. రంధ్ర 9. వియత్ ఆకాశం, 0. నగ కొండలు, 7. అగ్ని 3. భూధర మళ్ళీ కొండలు, 7. గగన 0. అబ్ధి 4. వేద 4. గిరి 7. తర్క 6. పయోనిధి 4. పద్మజాస్య అంటే బ్రహ్మ ముఖాలు, 4. కుంజర దిగ్గజాలు, 8. తుహినాంశు చంద్రుడు, 1.

అంకెల్ని కుడి నుంచి ఎడమకి పేర్చాలి. పేర్చి చూసుకోండి.

తణుకు_చిన్నోడు
కాగితం మీద పేర్చానండి. 18446744073709551615. ఒళ్ళు జలదరించింది. మాస్టారి చీటీకి అక్షరం పొల్లు పోలేదు!

కాజా_ప్రియ
ఎక్సెల్ కంటే చంపకమాలకి ర్యామ్ ఎక్కువ.

మండపేట_మావయ్య
పద్యం బాగుంది గానీ ఒక్క అనుమానం. సముద్రాలు ఏడు కదా? సప్త సముద్రాలు అని చిన్నప్పటి నుంచి వింటున్నాం. అబ్ధి, పయోనిధి రెండూ సముద్రాలే. మీరు వాటికి నాలుగు వేశారు. జవాబు ముందే తెలుసు కాబట్టి దానికి తగ్గట్టు అర్థం చెబుతున్నట్టుంది.

పద్యాల_పిచ్చి
అలా కాదండీ మావయ్యగారూ. లెక్కల పద్యాల్లో సముద్రం అంటే నాలుగే, నాలుగు దిక్కులా నాలుగు. జ్యోతిష గ్రంథాల్లోనూ ఇదే వాడుక. ఏడుకి కొండలు, ఋషులు, గుర్రాలు ఉండనే ఉన్నాయి.

మండపేట_మావయ్య
వాడుక అని మీరంటారు. నేను ఏడంటాను. తేల్చేదెవరు?

లంకల_లెక్కలు
తొమ్మిది తేలుస్తుంది.

2 ఘాతాల్ని 9తో భాగిస్తే శేషాలు 2, 4, 8, 7, 5, 1. ఆ ఆరూ మళ్ళీ మళ్ళీ వస్తాయి. 64లో ఆర్లు తీసేస్తే 4 మిగులుతుంది, కాబట్టి నాలుగో శేషం, అంటే 7. ఒకటి తీసేస్తే 6. గింజల మొత్తాన్ని 9తో భాగిస్తే 6 మిగలాలి, ఎవరు లెక్కేసినా.

పద్యంలో అంకెలన్నీ కూడండి: 87. దాన్ని 9తో భాగిస్తే 6. కుదిరింది. ఇప్పుడు మావయ్యగారి మాట ప్రకారం రెండు సముద్రాలకీ ఏడేసి వేయండి. మొత్తం 93, శేషం 3. కుదర్లేదు. ఒక్కదానికే ఏడు వేస్తే 90, శేషం 0. అదీ కుదర్లేదు. సముద్రాలు నాలుగే.

కాజా_ప్రియ
మావయ్యగారు బంగాళాఖాతంలో కలిసిపోయారు.

మండపేట_మావయ్య
ఈ పద్యం వరకు ఒప్పుకుంటాను. పురాణంలో ఏడే.

గోదారి_గట్టు
ఎంతైనా మన రాజమండ్రి గడ్డ! ప్రపంచంలో ఈ సంఖ్య మొట్టమొదట కట్టింది మనవాడే అని ఫ్లెక్సీ మీద కింద వేయించు తమ్ముడూ.

బిట్ల_బాబు
వద్దు, వేయించకండి. మధ్య ఆసియా పండితుడు అల్ బెరూనీ 1000వ సంవత్సరం ప్రాంతంలోనే ఈ ఇరవై అంకెలూ కట్టి పెట్టాడు. మల్లన తాతగారి కాలం తీసుకున్నా రాజరాజ నరేంద్రుడు పట్టానికొచ్చింది 1022 ప్రాంతంలో. "మొట్టమొదట" అన్నారంటే హెడ్మాస్టరు పట్టేసుకుంటారు.

గోదారి_గట్టు
ఆయన పద్యంలో చెప్పాడా? చెప్పలేదు కదా. పద్యంలో మొదట అని వేయించండి.

తణుకు_చిన్నోడు
ఏ "మొదట"లూ లేకుండా పద్యం ఒక్కటే వేయిస్తానండి. నాకో సందేహం. ఆ రోజుల్లో ఇంత సంఖ్య చేత్తో ఎలా కట్టారు? 64 సార్లు రెట్టింపు చేసుకుంటూ పోయారా? ఎక్కడో ఒకచోట తప్పు రాదా?

లంకల_లెక్కలు
64 సార్లు అక్కర్లేదు, ఆరు వర్గాలు చాలు. 2ని 2తో హెచ్చిస్తే 4. 4ని 4తో, 16. 16ని 16తో, 256. 256ని 256తో, 65536. దాన్ని దానితోనే, 4294967296. మళ్ళీ దాన్ని దానితోనే, 18446744073709551616. ఒకటి తీసేయండి. మొదటి నాలుగూ నోటి లెక్కే. కాగితం కావలసింది చివరి రెండింటికే. ఘాతాన్ని సగం చేసుకుంటూ వెనక్కి నడిచే ఈ ఉపాయం సంస్కృత ఛందశ్శాస్త్రం రాసిన ప్రాచీనుడు పింగళుడి లెక్కల్లోనే ఉంది. ఇన్ని అక్షరాలకి ఎన్ని గురులఘు వరసలు వస్తాయో కట్టడానికి ఆయనకి 2 ఘాతాలు కావలసి వచ్చాయి.

మల్లన ఏ దారిన కట్టాడో పద్యంలో లేదు గానీ, చంపకమాల కట్టగలిగినవాడికి ఛందస్సు లెక్క తెలియకుండా ఉండదు. ఇది నా ఊహ.

దాళ్వా_రైతు
ఇందాకటి నుంచి గింజలు గింజలు అంటున్నారు గానీ బస్తాలు ఎన్నో ఒక్కరూ చెప్పట్లేదు. నేను కట్టాను.

మార్టేరు స్వర్ణ (7029) రకం వడ్లు వెయ్యి గింజలు ఇరవై గ్రాముల దగ్గర తూగుతాయి. అంటే కిలోకి యాభై వేల గింజలు. మన బస్తా 75 కిలోలు. ఒక్కో వరుసలో ఎనిమిది గళ్ళు. వరుస మారిన ప్రతిసారీ మొత్తం 256 రెట్లు అవుతుంది.

మూడు వరుసలు పూర్తయ్యేసరికి నాలుగున్నర బస్తాలు. రాజుగారు నవ్వుకుంటూ ఇచ్చేస్తాడు. నాలుగో వరుసకి 1145 బస్తాలు. ఎకరానికి నలభై చొప్పున దాదాపు 29 ఎకరాల పంట, కొంచెం పెద్ద రైతు కూడా ఇవ్వగలడు. ఐదో వరుసకి 2 లక్షల 93 వేల బస్తాలు. ఆరో వరుసకి ఏడున్నర కోట్లు. ఇక్కడ ఆగండి. ధవళేశ్వరం కింద మన డెల్టా ఆయకట్టు పది లక్షల ఎకరాలు. సార్వా (ఖరీఫ్)లో 35, దాళ్వా (రబీ)లో 45 అనుకుంటే ఏడాదికి ఎకరానికి 80, మొత్తం ఎనిమిది కోట్ల బస్తాలు. ఆరో వరుస అయ్యేసరికి తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలు మూడూ ఏడాది పొడుగునా పండించింది దాదాపు ఊడ్చుకుపోయింది. ఇంకా రెండు వరుసలు ఖాళీగా ఉన్నాయి.

అన్నీ నిండితే 4 లక్షల 92 వేల కోట్ల బస్తాలు. మన డెల్టా ఒక్కటే అప్పు తీర్చాలంటే 61 వేల ఏళ్ళ పైమాటే. కాటన్ దొర ఆనకట్ట పూర్తయింది 1852లో.

కాజా_ప్రియ
తరుగు తీశారా? తేమ 17 శాతం దాటిందని మిల్లు దగ్గర బస్తాకి ఎంతో కొంత కోస్తారుగా.

దాళ్వా_రైతు
మొన్న దాళ్వాలో నాకు కోసిన తరుగు చాలు, ఈ బల్ల మీద మొదటి రెండు వరుసలు నింపొచ్చు. ఆ మిల్లు పేరు ఇక్కడ రాయను, మళ్ళీ వాళ్ళకే తోలాలి.

లంకల_లెక్కలు
రెండు వరుసలంటే 65535 గింజలు, కిలోంబావు. మీకు కోసింది అంతకంటే చాలా ఎక్కువే అయ్యుంటుంది.

దాళ్వా_రైతు
అయితే మూడు వరుసలు మాస్టారూ.

సందేహం_శీను
కేరళలో అంబలప్పుళ గుళ్ళో పాల పాయసం పెట్టేది కూడా ఈ అప్పు కిందే అంటారు. కృష్ణుడు ముసలి వేషంలో వచ్చి రాజుని చదరంగంలో ఓడించాడనీ, బియ్యం ఒకేసారి ఇవ్వలేక రోజూ పాయసంగా తీరుస్తున్నారనీ.

పద్యాల_పిచ్చి
పాయసంతో తీర్చాలంటే దేవుడు చాలా ఓపిక పట్టాలి.

బిట్ల_బాబు
ఓపిక అంటే గుర్తొచ్చింది. లూకా అనే ఫ్రెంచి గణితవేత్త 1883లో ఒక ఆట తెచ్చాడు. మూడు కడ్డీలు, చిన్నా పెద్దా బిళ్ళలు, పెద్దది చిన్నదాని మీద పెట్టకూడదు. 64 బిళ్ళల్ని ఒక కడ్డీ నుంచి ఇంకో కడ్డీకి మార్చడానికి కనీసం ఎన్ని ఎత్తులో తెలుసా? ఇదే సంఖ్య. సెకనుకి ఒక ఎత్తు వేసినా 58 వేల కోట్ల ఏళ్ళు దాటుతుంది. విశ్వం వయసు 1380 కోట్ల ఏళ్ళే.

మా కంప్యూటరు వాళ్ళకీ ఇది రోజూ చూసే సంఖ్యే. 64 బిట్లలో అన్నీ ఒకట్లే పెడితే వచ్చేది ఇది. అంతకు మించిన పూర్ణసంఖ్య అందులో పట్టదు. ఇంకొక్కటి కలిపితే తిరిగి సున్నా.

తణుకు_చిన్నోడు
ఫ్లెక్సీలో పక్కన కొంచెం చోటు ఉంది. ఈ సంఖ్య గురించి ఇంకేమైనా వేయొచ్చా? పిల్లలకి అర్థమయ్యేది.

లంకల_లెక్కలు
కారణాంకాలు వేయించండి. ఇంత పెద్ద సంఖ్యని ముక్కలు చేయడం మామూలుగా చాలా కష్టం. ఇది మాత్రం మజ్జిగలో వెన్నలా తనంతట తానే విడిపోతుంది. ఎనిమిదో తరగతి సూత్రం ఒక్కటే చాలు: a² − 1 = (a − 1)(a + 1). 2^64 − 1 మీద అది వాడితే (2^32 − 1)(2^32 + 1). మొదటి దాని మీద మళ్ళీ వాడండి, మళ్ళీ వాడండి. ఆఖరికి మిగిలేది:

3 × 5 × 17 × 257 × 65537 × 4294967297

వరసలో ఒక్కోటీ 2, 4, 16, 256, 65536, 4294967296లకి ఒకటి కలిపినవి. ఇందాక వర్గాలు చేసుకుంటూ ఎక్కిన మెట్ల మీంచే దిగాం.

గోదారి_గట్టు
అన్నీ ప్రధాన సంఖ్యలేనా?

లంకల_లెక్కలు
మొదటి ఐదూ ప్రధాన సంఖ్యలే. ఆరోది కూడా అంతే అనుకున్నాడు ఫ్రెంచి గణితవేత్త ఫెర్మా, 17వ శతాబ్దంలో. ఈ వరసలో ఎంత దూరం పోయినా అన్నీ ప్రధానాలే అని ఆయన నమ్మకం. 1732లో ఆయిలర్ వచ్చి 4294967297 = 641 × 6700417 అని చూపించాడు. ఆ తర్వాత ఈ రకంలో ఆరో ప్రధాన సంఖ్య ఇప్పటిదాకా ఎవరికీ దొరకలేదు.

కాబట్టి ఫ్లెక్సీకి: 3 × 5 × 17 × 257 × 641 × 65537 × 6700417. ఏడు వేర్వేరు ప్రధానాలు, ఏదీ రెండుసార్లు రాదు. కాబట్టి భాజకాలు మొత్తం 128.

పద్యాల_పిచ్చి
ఆ మొదటి ఐదింటికీ ఇంకో గొప్ప ఉంది కదా మాస్టారూ, గౌస్‌ది?

లంకల_లెక్కలు
ఉంది. స్కేలు, వృత్తలేఖినితో 17 భుజాల క్రమబహుభుజి గీయొచ్చని 1796లో గౌస్ కనిపెట్టాడు, పంతొమ్మిదేళ్ళు నిండకుండానే. బేసి భుజాలతో గీయడానికి కుదిరేవన్నీ ఈ రకం ప్రధానాల్ని, ఒక్కోదాన్ని ఒక్కసారే వాడి, హెచ్చిస్తే వచ్చేవే. ఐదింటినీ హెచ్చిస్తే 4294967295, సరిగ్గా సగం బల్ల గింజలు. తెలిసినంతలో అలా గీయగలిగిన బేసి బహుభుజుల్లో పెద్దది అదే. కళ్ళకి మాత్రం వృత్తంలానే కనిపిస్తుంది.

బిట్ల_బాబు
పిల్లలకి నచ్చేది ఇంకోటి. గళ్ళు వరసగా నింపుతూ ఎక్కడెక్కడ మొత్తం ప్రధాన సంఖ్య అవుతుందో రంగు వేయండి. 2, 3, 5, 7, 13, 17, 19, 31, 61 గళ్ళ దగ్గర, తొమ్మిది చోట్ల మాత్రమే. 31వ గడి దగ్గర మొత్తం 2147483647. అది ప్రధాన సంఖ్య అని 1772లో తేల్చింది కూడా ఆయిలరే.

సందేహం_శీను
11వ గడి కూడా ప్రధానమే కదా, దాన్నెందుకు వదిలేశారు?

బిట్ల_బాబు
గడి నంబరు ప్రధానమైతే సరిపోదు, మొత్తం కావాలి. అక్కడి మొత్తం 2047, అంటే 23 × 89.

సందేహం_శీను
సరే. అన్నిటికీ చెప్పారు గానీ 641 ఎలా తట్టిందో ఎవరూ చెప్పలేదు. ఆయిలర్ 3 నుంచి మొదలెట్టి అన్నిటితో భాగించుకుంటూ పోయాడా?

లంకల_లెక్కలు
లేదు. అలాంటి సంఖ్యకి భాజకం ఏదైనా ఉంటే అది 64 గుణిజానికి ఒకటి కలిపిన రూపంలోనే ఉండాలని ముందు తేల్చుకున్నాడు. 641 అంటే 64 × 10 + 1. చాలా తొందరగానే చేతికొచ్చింది.

అది నిజంగా భాగిస్తుందో లేదో చూడ్డానికి పెద్ద భాగహారం కూడా అక్కర్లేదు. 641 = 5 × 128 + 1. అదే 641 = 625 + 16 కూడా. మొదటి దాన్నిబట్టి 5 × 2^7 ని 641తో భాగిస్తే శేషం −1. దాన్ని నాలుగో ఘాతానికి పెంచితే 5^4 × 2^28, శేషం 1. రెండో దాన్నిబట్టి 5^4 బదులు −2^4 పెట్టుకోవచ్చు. అప్పుడు −2^32కి శేషం 1. అంటే 2^32 + 1 నిశ్శేషం.

గోదారి_గట్టు
రెండుసార్లు చదివాను. మూడోసారి టీ తాగి చదువుతా.

మండపేట_మావయ్య
641 సరే. మరి 6700417 ప్రధాన సంఖ్య అని మీరంటే నమ్మాలా? నేను సముద్రాల దగ్గరే ఒకసారి నమ్మాను.

లంకల_లెక్కలు
నమ్మక్కర్లేదు, మీరే భాగించి చూడండి. వర్గమూలం 2589 లోపు, కాబట్టి అక్కడిదాకా వెతికితే చాలు. ఆయిలర్ 64 అన్నదాన్ని తర్వాత లూకా 128 చేశాడు, ఇందాకటి బిళ్ళల ఆట ఆయనే. 128 గుణిజానికి ఒకటి కలిపినవి 129, 257, 385, 513, 641... అలా 2561 వరకు. వాటిలో ప్రధానాలు 257, 641, 769, 1153, 1409 మాత్రమే. 257తో 2^32 + 1ని భాగిస్తే శేషం 2 అని నోటి లెక్కే, కాబట్టి అది పోయింది. మీ వంతు నాలుగు భాగహారాలు.

మండపేట_మావయ్య
చేత్తోనే చేశాను, ఎక్సెల్ ముట్టుకోలేదు. 641తో 44 మిగిలింది. 769తో 120. 1153తో 334. 1409తో 622.

లంకల_లెక్కలు
నాలుగూ కరెక్టేనండి.